బాలిలో జతిలువిహ్ అనే వరి ఊరు: చూసి రావాలా, డబ్బు కూడా పెట్టాలా?

వరికంకి

అందరికీ నమస్కారం. మాది తణుకు దగ్గర పల్లెటూరు, ఉండేది హైదరాబాద్‌లో. జూన్ నెలాఖరులో బాలి వెళ్తున్నాం. నేను, మా వారు, అత్తయ్య గారు, మామయ్య గారు. బీచ్‌లు, గుళ్లు అన్నీ తిప్పుతామంటే మామయ్య గారు ఒక్కటే మాటన్నారు: "సముద్రం నరసాపురంలోనూ ఉందమ్మా. వాళ్లు వరి ఎలా పండిస్తారో చూపించు, చాలు." ఆయన మూడెకరాల రైతు. ఇప్పటికీ రోజూ పొద్దున్నే చేనుకు వెళ్లి వస్తారు.

వెతికితే జతిలువిహ్ అనే ఊరి పేరు కనిపించింది. ఫొటోలు బాగున్నాయి కానీ అసలు ఊరు ఎలా ఉంటుందో, ఎవరు ఎలా బతుకుతారో ఎక్కడా సరిగ్గా లేదు.

ఇంకో సంగతి. మా వారి ఆఫీసులో నలుగురు కలిసి బాలిలో పొలాలకు ఎదురుగా స్థలం లీజుకు తీసుకుని విల్లా కడదామని అనుకుంటున్నారు. మనిషికి 18 లక్షలట. మమ్మల్నీ చేరమంటున్నారు. మాకు అది చిన్న మొత్తం కాదు. వెళ్లేలోగా ఏదో ఒకటి చెప్పాలి, టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు రెండింటి గురించీ చెప్పగలరా?

జకార్తా వాసి

వరికంకి గారూ, ఇండోనేషియాలో తొమ్మిదేళ్లుగా ఉంటున్నాను. జతిలువిహ్‌కి నాలుగుసార్లు వెళ్లాను, ఒకసారి మూడు రాత్రులు అక్కడే ఉన్నాను. కాస్త పెద్ద పోస్టు అవుతుంది, ఓపికగా చదవండి.

ఊరు తబనాన్ జిల్లా పెనెబెల్ మండలంలో ఉంది. వెనకే బతుకారు కొండ, 2,276 మీటర్ల ఎత్తు. బాలిలో రెండో ఎత్తైన కొండ అదే. ఊరు సుమారు 700 మీటర్ల ఎత్తున ఉంటుంది కాబట్టి తెల్లవారుజామున చలి వేస్తుంది, అత్తయ్య గారికి శాలువా పెట్టుకోండి. దాదాపు 300 హెక్టార్ల మాగాణి, అంటే మన లెక్కలో 750 ఎకరాల దాకా. అంతా కొండవాలు మీద మెట్లు మెట్లుగా దిగుతుంది. కొన్ని మడులు మన ఇంటి వసారా అంత కూడా ఉండవు. పెద్ద ట్రాక్టర్ దిగే వీలే లేదు, చేత్తో నడిపే చిన్న యంత్రంతో దున్నుకుంటారు. రైతుల్లో ఎక్కువమందికి ఎకరం, ఎకరంన్నర లోపే.

2012లో యునెస్కో బాలిలోని 'సుబక్' నీటి పద్ధతిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. మొత్తం ఐదు చోట్లు కలిపి దాదాపు 19,500 హెక్టార్లు. జతిలువిహ్ అందులో బతుకారు కొండ భాగంలోకి వస్తుంది. 2024లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఈ ఊరిని ఎంపిక చేసింది. అందుకే ఇప్పుడు రోజూ టూరిస్టు బస్సుల్లో జనం దిగుతున్నారు.

ఇక పంట. ఏడాదిలో ఒక పంట పాత బాలి వరి వేయడం ఊరి ఆనవాయితీ. ఎర్ర బియ్యం. పైరు మనిషి ఛాతీ దాకా లేస్తుంది, చేతికి రావడానికి ఐదారు నెలలు పడుతుంది. రెండో పంటకు తక్కువ రోజుల కొత్త రకాలు వేస్తారు. పాత వరిని కొడవలితో మొదలు దగ్గర కోయరు. 'అని-అని' అని అరచేతిలో ఇమిడిపోయే చిన్న కత్తి ఉంటుంది. దాన్ని వేళ్ల మధ్య పెట్టుకుని వెన్ను వెన్నూ విడిగా తుంచుతారు. గుప్పెడు గుప్పెడు కట్టలు కట్టి ఎండబెడతారు, తర్వాత స్తంభాల మీద నిలబెట్టిన చెక్క గాదెలో పెడతారు. వరి తల్లి వాళ్లకు 'దేవి శ్రీ', మన శ్రీదేవే. కత్తి చేతిలో కనబడకుండా కోస్తే ఆ తల్లి బెదరదని పెద్దవాళ్లు చెబుతారు. జూన్ నెలాఖరుకు వెళ్తున్నారు కదా, అదృష్టం ఉంటే కోతలే చూస్తారు. ఊరంతా వరి ఒకే రోజు కోతకు రాదు కాబట్టి ఏ మడి కోస్తున్నారో ఊళ్లో దిగాక అడగండి.

లీజు సంగతి నాకంటే బాగా తెలిసినవాళ్లు ఈ వేదికలో ఉన్నారు. నేను ఒక్కటే చెబుతాను: ఆ ఊరికి విలువ వచ్చింది నీళ్లను పంచుకునే రైతుల వల్ల. పొలానికి ఎదురుగా ఉన్న బాల్కనీకి అద్దె వస్తోందంటే ఆ పొలంలో ఎవరో బురదలో నిలబడి ఉన్నారని అర్థం. డబ్బు ఎక్కడ పెట్టాలో ఆలోచించేటప్పుడు ముందు ఆయన్ని గుర్తుపెట్టుకోండి.

పాలమూరు పొలం

అన్నా, మంచిగ రాసినవ్. నాకు ఒక్క డౌట్. కొండ పైనోడు నీళ్లు ఆపుకుంటే కిందోని గతి ఏంది? మా దిక్కు కాలువ మొదట్ల ఉన్నోడు రెండు తడులు పెట్టినంక గాని చివరి ఆయకట్టుకు బొట్టు రాదు. రాత్రి పూట టార్చిలైట్ పట్టుకుని తూము దగ్గర కావలి ఉంటం. మా నాయన సగం జీవితం ఆ కాలువ గట్టు మీదనే పోయింది. అక్కడ ఎట్ల సర్దుకుంటున్నరు?

జకార్తా వాసి

తమ్ముడూ, నేనూ మొదటిసారి అదే అడిగాను. నన్ను తీసుకెళ్లిన రైతు మాట్లాడకుండా కాలువ దగ్గరికి నడిపించి చూపించాడు.

కాలువకు అడ్డంగా ఒక దుంగ ఉంది. పాతవి చెక్కవి, ఇప్పుడు చాలాచోట్ల సిమెంటువి. దాన్ని 'తెంబుకు' అంటారు. పైన గాడులు కొట్టి ఉంటాయి. గాడుల లోతు అంతా ఒకటే, వెడల్పు మాత్రం ఎవరి వాటాను బట్టి వాళ్లకు. వాటా కొలతను 'తెక్‌తెక్' అంటారు. కాలువ నిండుగా పారినా, సన్నగా పారినా ఆ గాడుల గుండా అదే నిష్పత్తిలో విడిపోతుంది. తూము ఎత్తేవాడు లేడు, దించేవాడు లేడు. పగలు ఎంతో రాత్రీ అంతే. మేం నిలబడి ఉండగానే ఒక ముసలాయన గడ్డిమోపుతో వచ్చాడు. పక్కవాడి గాడిలో కొబ్బరి పీచు అడ్డం పడి ఉంది. వంగి దాన్ని తీసి గట్టు మీద పడేశాడు, తర్వాత తన గాడి వైపు చూసుకున్నాడు. అది నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంది.

సుబక్ అంటే ఒక కాలువ కింద పొలం ఉన్న రైతులందరి సంఘం. ఊరితో సంబంధం లేదు, నీళ్లతోనే సంబంధం. ఇల్లు వేరే ఊళ్లో ఉన్నా పొలం ఈ కాలువ కింద ఉంటే ఈ సుబక్ సభ్యుడే. పెద్దను 'పెకసేహ్' అంటారు, రైతులే ఎన్నుకుంటారు. మన తెలంగాణ చెరువుల కింద నీళ్లు పంచే నీరటికాడు ఉండేవాడు చూడు, ఆ పనికి దగ్గరగా ఉంటుంది. కాకపోతే పెకసేహ్ చేతిలో సంఘం కట్టుబాట్లు రాసి ఉంటాయి, వాటిని 'అవిగ్-అవిగ్' అంటారు. కాలువ పూడిక తీతకు రాకపోతే జరిమానా. ఎవరు ఎప్పుడు నాటాలో కూర్చుని తేలుస్తారు. కాలువ నీళ్లు మళ్లే చోట చిన్న గుడి ఉంటుంది, సీజన్‌లో మొదటి నీళ్లు వదిలే రోజు అక్కడ పూజ చేస్తారు. ఈ పద్ధతి తొమ్మిదో శతాబ్దం నుంచీ ఉందని యునెస్కో రాసింది.

దేవుడు, మనిషి, నేల మూడూ పొందికగా ఉండాలన్నది వాళ్ల సూత్రం. దానికి 'త్రి హిత కరణ' అని పేరు. మాటలు సంస్కృతానివే, చెవిన పడగానే మనకు అర్థమైపోతాయి.

పాలమూరు పొలం

పక్కోని గాడిల పీచు తీసిండు అన్నవ్ చూడు, అది చదివి కాసేపు ఊకె కూర్చున్న. మన దగ్గర 1997ల నీటి సంఘాల చట్టం వచ్చింది, ఎన్నికలు అయినయ్, మా ఊళ్లో సంఘం కూడా ఉండె. కాలువ మాత్రం అట్లనే ఉంది. చట్టంతోని సంఘం పుడుతది గాని అలవాటు పుట్టదు అనిపిస్తది నాకు.

విశ్రాంత వ్యవసాయాధికారి

ఈ చర్చ చూసి ఆగలేక రాస్తున్నాను. వ్యవసాయ శాఖలో 31 ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. బాలి వరి కథలో మన తెలుగు రైతు తెలుసుకోవలసింది చాలా ఉంది.

ముందు చుట్టరికం చెబుతాను. 1966లో అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ విడుదల చేసిన ఐఆర్ 8 రకానికి తల్లి 'పెటా' అనే ఇండోనేషియా వరి, తండ్రి తైవాన్ పొట్టి రకం. ఆ ఐఆర్ 8 విత్తనాన్ని మన దేశంలో తొలిసారి పండించి పేరు తెచ్చుకున్నది పశ్చిమ గోదావరి ఆచంట రైతు నెక్కంటి సుబ్బారావు గారు. 'మిస్టర్ ఐఆర్ 8' అనే పిలిచేవారు ఆయన్ని. వరికంకి గారూ, మీ మామయ్య గారికి ఈ పేరు చెప్పి చూడండి, ఆయనే మీకు మిగతా కథ చెబుతారు.

ఇక బాలి సంగతి. 1970లలో అక్కడా హరిత విప్లవం వచ్చింది. కొత్త రకాలు వేయండి, పూజల తేదీల కోసం ఆగకండి, నీళ్లు ఉన్నంతవరకూ పంట మీద పంట వేయండి అని చెప్పారు. మొదట దిగుబడి పెరిగింది. తర్వాత సుడిదోమ అనే పురుగు వచ్చింది, తుంగ్రో తెగులు వచ్చింది, ఎలుకలు పెరిగాయి. ఎందుకు? పాత పద్ధతిలో పైవాళ్లూ కిందవాళ్లూ మాట్లాడుకుని వందల ఎకరాల్లో ఒకేసారి నాటి ఒకేసారి కోసేవారు. కోశాక నేల కొన్నాళ్లు ఖాళీగా ఉండేది, పురుగుకు తిండి దొరికేది కాదు. ఎవరి ఇష్టం వచ్చినప్పుడు వాళ్లు నాటడం మొదలయ్యాక పురుగు ఈ మడి నుంచి ఆ మడికి ఏడాది పొడుగునా విందు చేసుకుంది.

అమెరికా మానవ శాస్త్రవేత్త స్టీఫెన్ లాన్సింగ్ చాలా ఏళ్లు అక్కడ ఉండి ఇదే చూపించారు. పాలమూరు తమ్ముడి ప్రశ్నకు అసలు జవాబు ఆయన దగ్గర ఉంది. కొండ పైన రైతుకు నీళ్ల భయం లేదు, పురుగు భయం ఉంది. కింద రైతు తనతోపాటే నాటకపోతే ఆ పొలంలో పెరిగిన పురుగు తన మీదికి వస్తుంది. కింది రైతు తనతోపాటు నాటాలంటే నీళ్లు వదలాలి. అందుకే వదులుతాడు. మంచితనం ఒక్కటే అయితే వెయ్యేళ్లు నిలిచేది కాదు.

1986లో అధ్యక్షుడు సుహార్తో ప్రభుత్వం వరి మీద 57 పురుగుమందులను ఒక్క ఉత్తర్వుతో నిషేధించింది. ఆ తర్వాత 1989 నుంచి రైతులను పొలంలోనే కూర్చోబెట్టి ఏది శత్రు పురుగో, ఏది మిత్ర పురుగో నేర్పే బడులు ఇండోనేషియాలో మొదలయ్యాయి. అవే మన దగ్గరికి 'పొలంబడి'గా వచ్చాయి. నేను ఉద్యోగంలో చేసిన పనుల్లో తృప్తినిచ్చింది ఆ పొలంబడే. సాలీడును చూసి మందు కొట్టబోయిన రైతు, అదే సాలీడు దోమను పట్టుకుని తినడం చూసి పంపు దించేసిన రోజు నేను పక్కనే ఉన్నాను.

కోనసీమ కోకో

అండి, వరి మీద ఆసక్తి లేనివాళ్లకు ఇంకో ఊరు చెప్తాను. జావా దీవిలో యోగ్యకర్త దగ్గర గునుంగ్ కిదుల్ జిల్లాలో న్గ్లంగెరన్ అని ఉంది. పాత అగ్నిపర్వతం చుట్టూ ఊరు. అక్కడ రైతులు కోకో పండిస్తారు, ఊళ్లోనే చాక్లెట్ చేసి వచ్చినవాళ్లకు అమ్ముతారు. 2021లో ఇదీ ఉత్తమ పర్యాటక గ్రామాల జాబితాలోకి వచ్చింది. మేకలు కూడా పెంచుతారు, ఆ జాతి పేరు 'ఎతావా'. మన ఉత్తరప్రదేశ్ ఎటావా నుంచి వెళ్లిన మేకల సంతతే అది.

మా కొబ్బరి తోటల్లో అంతర పంటగా కోకో ఉంది. గింజలు ఆరబెట్టి కంపెనీకి తూకం వేసి ఇచ్చేస్తాం, అక్కడితో మా పని అయిపోతుంది. గింజ పండించిన ఊళ్లోనే చాక్లెట్ అయ్యి బయటికి పోవడం చూసినప్పుడు నాకు కడుపు నిండింది, మా ఊరు గుర్తొచ్చి కాస్త బాధా వేసింది.

దస్తావేజు

వరికంకి గారి రెండో ప్రశ్నకు వస్తాను. ఆస్తి పత్రాల పనిలో ఉన్నాను, ఇండోనేషియాలో పెట్టుబడి పెట్టాలనుకున్న ఇద్దరు ముగ్గురికి పత్రాలు చదివి పెట్టాను.

అక్కడ భూమికి మూలం 1960 నాటి 5వ నంబరు వ్యవసాయ భూమి చట్టం. పూర్తి హక్కును 'హక్ మిలిక్' అంటారు. అది ఇండోనేషియా పౌరులకే ఉంటుంది. విదేశీయుడు తన పేరిట కొనలేడు. కొందరు స్థానికుడి పేరిట కొని, పక్కన ఒక రహస్య ఒప్పందం రాసుకుంటారు. మన భాషలో బినామీ. అదే చట్టం 26వ సెక్షన్ ప్రకారం అలాంటి లావాదేవీ చెల్లదు, భూమి ప్రభుత్వానికి పోతుంది, కట్టిన డబ్బు తిరిగి అడిగే హక్కు ఉండదు.

మిగిలిన దారుల్లో ఎక్కువగా వాడేవి రెండు. ఒకటి లీజు. మామూలుగా 25 నుంచి 30 ఏళ్లకు రాస్తారు. గడువు తీరాక స్థలంతోపాటు మీరు కట్టింది కూడా యజమానికే. పొడిగింపు ఉంటుందని నోటితో చెప్పే మాటకు విలువ లేదు, ఎంత ధరకు పొడిగిస్తారో పత్రంలో ఉండాలి. రెండోది విదేశీ పెట్టుబడి కంపెనీ పెట్టడం. దానికి 1,000 కోట్ల రూపియాకు పైగా పెట్టుబడి ప్రణాళిక చూపాలి. మన డబ్బుల్లో ఐదు కోట్ల పైమాటే. నలుగురు కలిసి మనిషికి 18 లక్షలు వేసుకుంటే ఆ దారి మూసుకుపోయినట్టే. టూరిస్టు వీసా మీద వెళ్లి విల్లా అద్దెలు నడపడం కూడా కుదరదు.

కొలతలు కూడా తెలుసుకోండి. బాలిలో స్థలం 'ఆరె' లెక్కన చెబుతారు. ఒక ఆరె అంటే 100 చదరపు మీటర్లు, మన 120 గజాలకు కాస్త తక్కువ, దాదాపు రెండున్నర సెంట్లు. లీజు ధర 'ఆరెకు ఏడాదికి ఇంత' అంటారు. విన్నప్పుడు తక్కువనిపిస్తుంది, 25 ఏళ్లకు గుణించుకుని చూడండి. మొత్తం ముందే కట్టమంటారు.

అన్నిటికంటే ముఖ్యం, ఆ స్థలం రక్షిత వరి భూమిలో ఉందేమో చూడాలి. పచ్చగా కనిపించే ప్రతి పొలం ఎదురుగా కట్టడానికి అనుమతి ఉండదు.

తీరం దాటిన

దస్తావేజు గారు చెప్పిన బినామీ దారిలోనే నేను నష్టపోయాను. పేర్లు వద్దు. ఆరేళ్ల కిందట ఒక మధ్యవర్తి మాట నమ్మి, స్థానికుడి పేరిట బాలిలో వేరే ఊళ్లో స్థలం తీసుకున్నాం. రెండేళ్లు ఫొటోలు వచ్చాయి. పునాది, గోడలు, ఈత కొలను గుంత. మూడో ఏడు ఫొటోలు ఆగిపోయాయి. వెళ్లి చూస్తే గోడలు ఉన్నాయి, అనుమతి లేదు. పక్క రైతు కాలువకు మా పునాది అడ్డం వచ్చిందని సుబక్ వాళ్లు ఎప్పుడో అభ్యంతరం చెప్పారట, అది మా దాకా రాలేదు. స్థలం ఎవరి పేరిట తీసుకున్నామో ఆ మనిషి మర్యాదగానే మాట్లాడాడు, కానీ కాగితం ప్రకారం స్థలం ఆయనది. మా ఆవిడ నగలు కుదువపెట్టి కట్టిన డబ్బు అది.

డబ్బు పోయిన బాధ కొన్నాళ్లకు తగ్గింది. ఆ పక్క రైతు తన మడిలో నీళ్లు రాక సగం పొలం బీడుపెట్టాడు. ఆయన నా వైపు చూసిన చూపు తగ్గలేదు. వరికంకి గారూ, దయచేసి ఆగండి.

సీమ బిడ్డ

అందరూ ఒకవైపే మాట్లాడుతున్నారు కాబట్టి నేను రెండో వైపు చెబుతాను. రైతు ఎప్పుడూ బురదలోనే ఉండాలా? మనం ఫొటో తీసుకోవడానికి ఆయన ఎకరం పొలంలో ఐదారు నెలల వరి వేస్తూ కూర్చోవాలా? పిల్లల చదువుకు, పెళ్లికి డబ్బు కావాలి. పొలం గట్టున ఒక చిన్న హోటల్ పెట్టుకుంటే తప్పేంటి? మా ఊళ్లో వేరుశనగ వేసి అప్పుల పాలైనవాళ్లను చూసినవాణ్ని, అందుకే అడుగుతున్నాను.

2025 డిసెంబర్‌లో జతిలువిహ్‌లోనే గొడవ జరిగింది, చదివే ఉంటారు. రక్షిత పొలాల్లో నిబంధనలకు విరుద్ధంగా కట్టారని పదికి పైగా హోటళ్లు, కట్టడాలను అధికారులు మూయించారు. వాటిలో ఊరి రైతులవీ ఉన్నాయి. వాళ్లు కోపంతో పొలాల మధ్య ఇనప రేకులు పాతి, వచ్చినవాళ్లకు ఆ దృశ్యమే కనబడకుండా చేశారు. రేకులు పాతిన రైతు తప్పు చేశాడని నేను అనలేను.

జకార్తా వాసి

సీమ బిడ్డ గారూ, మీ ప్రశ్న న్యాయమైనది. ఆ రేకుల ఫొటో చూసి నేనూ రెండు రోజులు మనసు బాగోలేక తిరిగాను.

పొలాలు చూడటానికి వచ్చేవాళ్లు కొనే టికెట్ డబ్బులో కొంత జిల్లా ప్రభుత్వానికి, కొంత ఊరికి, సుబక్‌కు వెళ్తుంది. కానీ పొలంలో పనిచేసే మనిషి దాకా వచ్చేసరికి చాలా పలచబడుతుంది. దృశ్యం ఆయనది, ఆదాయం రోడ్డు పక్కవాళ్లది. అందుకే ఆయనా గట్టున హోటల్ పెట్టుకోవాలనుకుంటాడు. అందులో తప్పు వెతకను. మరోవైపు ప్రతి రైతూ ఒక్కో మడి పూడ్చి కడితే పదేళ్లలో కాలువ తెగుతుంది. కింద మడికి నీళ్లు పోవు. అప్పుడు చూడటానికి ఎవరూ రారు, హోటల్లో తినడానికీ ఎవరూ రారు. రెండూ నిజమే.

నాకు కనిపించే దారి ఒకటుంది. జావాలో క్లాతెన్ జిల్లాలో పొంగ్గోక్ అనే ఊరుంది. ఒకప్పుడు పేద ఊరు. 2009లో ఊరి పేరిటే ఒక సంస్థ పెట్టుకున్నారు, ఊళ్లోని నీటి ఊటను ఈత కొలనుగా నడిపారు, ఊరివాళ్లే అందులో డబ్బు పెట్టి వాటాదారులయ్యారు. 2014 గ్రామ చట్టం ఇలాంటి ఊరి సంస్థలకు గట్టి ఆధారం ఇచ్చింది. పెట్టుబడి బయటివాడిది అయితే ఇరవై ఐదేళ్ల లీజు మీద లెక్క వేస్తాడు, ఊరివాడిది అయితే మనవడి మీద లెక్క వేస్తాడు.

మనలాంటి వాళ్లం పెట్టదగ్గ పెట్టుబడి చిన్నది. రైతు ఇంట్లో హోమ్‌స్టేలో దిగండి, ఊరి గైడ్‌ను తీసుకోండి, ఎర్ర బియ్యం రైతు దగ్గరే కొనండి, ధర బేరమాడకండి. కొత్త రకం కంటే పాత వరికి రోజులు ఎక్కువ పడతాయి, ఆ ఎక్కువ రోజులకు ఎవరో ఒకరు డబ్బు ఇవ్వాలి కదా.

వెళ్లేవాళ్లకు నాలుగు ముక్కలు: వీసా అక్కడ దిగాక తీసుకోవచ్చు, 5 లక్షల రూపియా, 30 రోజులు. ఇది కాక బాలి ప్రభుత్వం 2024 ఫిబ్రవరి నుంచి విదేశీ టూరిస్టుల దగ్గర 1,50,000 రూపియా తీసుకుంటోంది, ఆన్‌లైన్‌లోనే కట్టేయండి. విమానాశ్రయం నుంచి ఊరికి రెండు గంటలు, ఆపై ట్రాఫిక్. సర్వీసు బస్సులు లేవు, కారు మాట్లాడుకోవాలి. శాకాహారులు 'తెరాసి' లేకుండా చేయమని చెప్పండి, అది రొయ్యల ముద్ద, పచ్చళ్లలో కలిపేస్తారు. గట్లు జారుతాయి, పెద్దవాళ్లకు పట్టున్న చెప్పులు కావాలి. పొలం గట్టు మీద డ్రోన్ ఎగరేసేముందు, మడిలోకి దిగేముందు అడగండి. పూజ ఆకులు దారిలో ఉంటే తొక్కకండి.

వరికంకి

అందరికీ ధన్యవాదాలు. నిన్న రాత్రి మా వారు మొత్తం చర్చ చదివారు. తీరం దాటిన గారి పోస్టు దగ్గర చాలాసేపు ఆగారు. పొద్దున్నే ఆఫీసు వాళ్లకు ఫోన్ చేసి మేం చేరడం లేదని చెప్పేశారు. వెళ్లి వచ్చాక రాస్తాను.

వరికంకి

వచ్చి వారమైంది. ఊళ్లో రెండు రాత్రులు ఉన్నాం.

మొదటి రోజు మామయ్య గారు కారు దిగి ఏమీ మాట్లాడలేదు. గట్టు మీద నిలబడి కిందికి చూస్తూ ఉండిపోయారు. కాసేపటికి "ఈ గట్లన్నీ చేత్తో వేసినవే" అన్నారు. ఆచంట సుబ్బారావు గారి పేరు చెప్పగానే మాత్రం గంటసేపు ఆపకుండా మాట్లాడారు. వాళ్ల నాన్నగారు ఐఆర్ 8 వేసిన ఏడు ధాన్యం పెట్టడానికి చోటు చాలక పశువుల పాక ఖాళీ చేశారట. ఈ సంగతి మా వారికి కూడా ఇప్పటిదాకా తెలియదు.

రెండో రోజు మా హోమ్‌స్టే ఆయన తన మడికి తీసుకెళ్లారు. కోతలు ఆ పక్క మొదలయ్యాయి, ఆయన మడికి ఇంకా పదిరోజులు ఉంది. భాష రాదు, ఆయనకు ఇంగ్లీషు నాలుగు మాటలే. మామయ్య గారు ఒక వెన్ను పట్టుకుని గింజలు లెక్కపెట్టడం మొదలుపెట్టారు. ఆయన ఇంకో వెన్ను పట్టుకున్నారు. ఇద్దరూ వేళ్లు చూపించుకుంటూ లెక్కలు చెప్పుకున్నారు. తర్వాత ఆయన తన పొట్ట మీద చెయ్యి గుండ్రంగా తిప్పి, పైరును చూపించి, చేతులు జోడించి ఏదో చెప్పారు. గైడ్ వచ్చి వివరించారు: పైరు కడుపుతో ఉన్నప్పుడు చేసే పూజ అట, 'బియుకుకుంగ్' అంటారట. మామయ్య గారి ముఖం వెలిగిపోయింది. "మనమూ పొట్టకొచ్చిందనే కదమ్మా అంటాం" అన్నారు. ఆ మాట గైడ్ ఆయనకు చెబితే, ఆయన లేచి వచ్చి మామయ్య గారి రెండు చేతులూ పట్టుకున్నారు.

తెంబుకు కూడా చూశాం. సిమెంటుది. మామయ్య గారు జేబు రుమాలు తీసి గాడి వెడల్పు కొలిచి, పక్క గాడితో పోల్చి చూశారు.

అత్తయ్య గారికి ఎర్ర బియ్యం వేయించి కాచిన టీ నచ్చింది, రెండు ప్యాకెట్లు తెచ్చుకున్నాం. మామయ్య గారు గుప్పెడు విత్తనం తెస్తానని పట్టుబట్టారు. వద్దని ఆపాను కానీ బాధపడ్డారు. తేవచ్చా అసలు?

విశ్రాంత వ్యవసాయాధికారి

మంచి పని చేశారమ్మా. దిగుమతి అనుమతి, ఆ దేశం ఇచ్చే మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం లేకుండా విత్తనం తేకూడదు. గుప్పెడు గింజల్లో కొత్త తెగులు వస్తే మీ మూడెకరాలతో ఆగదు.

మామయ్య గారికి నా మాటగా చెప్పండి. మన దగ్గర ఎర్ర బియ్యం రకాలు ఉన్నాయి, నవారా, రక్తశాలి. మీ ప్రాంతంలో ప్రకృతి వ్యవసాయం చేసేవాళ్ల దగ్గర విత్తనం దొరుకుతుంది. పైరు పడిపోయే గుణం ఉంది కాబట్టి ఎరువు తగ్గించి వేయాలి. ముందు పదిసెంట్లు చాలు.

వరికంకి

చెప్పాను సార్. ఇరవై సెంట్లు పెడతారట. కాలువ మొదట్లో ఉన్న మడి అయితే బాగుంటుందా, చివర మడి అయినా పర్వాలేదా అని అడగమన్నారు.

పాలమూరు పొలం

అక్కా, చివరి మడిల పెట్టమను. అక్కడిదాకా నీళ్లు వస్తున్నయా లేదా రోజూ పోయి చూస్తడు.

విశ్రాంత వ్యవసాయాధికారి

చివర మడే మంచిది. నవారాకు ఎక్కువ నీళ్లు నిలవకూడదు, ఆరుతడి చాలు. నారు పోసిన రోజు ఒక ఫొటో పెట్టండి.